కార్కా, తిప్పే మూతా? ముందు సీసా మూతి చూడండి

కర్ణాటకలోని విజయపుర దగ్గర మా బావకు ద్రాక్షతోట ఉంది. ఎండుద్రాక్షకు అమ్మీ అమ్మీ విసిగి, సొంతంగా వైన్ తీస్తానని పట్టుబట్టాడు. మొన్న ఫోన్ చేసి, "ఏరా, కార్కు మంచిదా, స్క్రూ క్యాప్ మంచిదా? నువ్వు ఆ పనిలోనే ఉన్నావుగా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. నేను దక్షిణ ఆస్ట్రేలియాలో ఓ చిన్న వైనరీలో సీసాలు నింపే లైను మీద పనిచేస్తాను. ఒక్క ముక్కలో తేలేదే అయితే ఇక్కడివాళ్ళు పాతికేళ్ళకు పైగా దీని మీద వాదులాడుకునేవాళ్ళు కాదు.

"సీసాలు కొన్నావా బావా?" అని ఎదురు అడిగాను.

"బేరం కుదిరిపోయింది. ఇరవై వేలు. వచ్చే వారం లారీ ఎక్కిస్తారట."

"మూతి ఎలాంటిది? మర ఉందా, లేదా?"

అటు నుంచి కాసేపు మాట లేదు.

చాలామంది ఇక్కడే దొరికిపోతారు. కార్కు, అంటే మన పాతవాళ్ళు బిరడా అనేది, సీసా మెడ లోపల కూర్చుంటుంది. దానికి మెడ లోపల నున్నగా, 18.5 మిల్లీమీటర్ల వెడల్పుతో, కొలత తప్పకుండా ఉండాలి. తిప్పే మూత, అదే స్క్రూ క్యాప్, బయట కూర్చుంటుంది. దానికి మెడ బయట మరలు కావాలి, మూతి పైఅంచు చదునుగా, గీత పడకుండా ఉండాలి. దీనికి వాడే మూత 30 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని కోసం చేసిన సీసా వేరు, కార్కు సీసా వేరు. ఒకటి కొన్నాక రెండోదానికి మారడమంటే సీసాలన్నీ మార్చడమే.

2000లో ఇక్కడి క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే తెల్లవైన్ తయారీదార్లు, జెఫ్రీ గ్రోసెట్ వాళ్ళు, కలిసికట్టుగా స్క్రూ క్యాప్‌కు మారినప్పుడు ఎదురైన మొదటి చిక్కు కూడా ఇదే. వాళ్ళకు కావలసిన సీసా దేశంలో దొరకలేదు, ఫ్రాన్స్ నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. ఒక్కో వైనరీ విడిగా అయితే అంత పెద్ద ఆర్డరు ఇవ్వలేదు. కలిసి కట్టడానికి అదొక కారణం.

వాళ్ళు ఎందుకు అంత తెగించారో తెలియాలంటే ముందు కార్కు గురించి చెప్పుకోవాలి. ఇది చెట్టు బెరడు. ప్రపంచంలో పండే కార్కులో సగం దాకా పోర్చుగల్‌దే. ఆ ఓక్ చెట్టుకు పాతికేళ్ళు వస్తే గానీ మొదటిసారి బెరడు ఒలవరు. తర్వాత తొమ్మిదేళ్ళకోసారి. మొదటి రెండు ఒలుపుల బెరడు బిరడాకు పనికిరాదు, మూడోది కావాలి. అంటే నాటినవాడు నలభై ఏళ్ళు దాటాక గానీ తన చెట్టు కార్కును సీసాలో చూడడు. మన తాతలు మామిడి మొక్క నాటినట్టే. చెట్టును కొట్టరు, బెరడే తీస్తారు. 24 మిల్లీమీటర్ల బిరడాను యంత్రం నాలుగు వైపుల నుంచి నొక్కి, 16కు అటూఇటూగా కుదించి మెడలోకి దించుతుంది. లోపలికి వెళ్ళాక అది విచ్చుకుని గాజును పట్టేస్తుంది. ఇంత పట్టు ఇన్నేళ్ళు నిలిచే వస్తువు ఇంకొకటి మనిషి చేయలేదనే చెప్పాలి.

దాని శత్రువు పేరు టీసీఏ. ట్రైక్లోరోఅనిసోల్. 1981లో స్విట్జర్లాండ్‌లో హన్స్ టానర్ బృందం కార్కు కంపుకు కారణం ఇదేనని తేల్చింది. క్లోరిన్ కలిసిన పదార్థాల మీద బూజు పనిచేసినప్పుడు ఇది పుడుతుంది. లీటరుకు నాలుగైదు నానోగ్రాములు ఉంటే చాలు, చాలామంది ముక్కు పట్టేస్తుంది. లెక్క వేసి చూడండి: పది లక్షల లీటర్ల వైన్‌ను చెడగొట్టడానికి నాలుగైదు మిల్లీగ్రాములు సరిపోతుంది. ఏడెనిమిది పంచదార పలుకులంత. వాసన ఎలా ఉంటుందంటే, వానాకాలంలో ఆరకుండా మూల పడేసిన గోనెసంచి, తడిసిన అట్టపెట్టె. ఇంకా ఘోరం ఏమిటంటే, కొంచెమే ఉన్నప్పుడు కంపు కొట్టదు, వైన్‌లోని పళ్ళ వాసనను మాత్రం చంపేస్తుంది. తాగినవాడు కార్కును తిట్టడు. "వైన్ చప్పగా ఉంది" అని మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు.

ఇరవై ఏళ్ళ కిందటితో పోలిస్తే కార్కు కంపెనీలు చాలా మారాయి. క్లోరిన్‌తో తెల్లబరచడం మానేశాయి. పోర్చుగల్‌లోని అమోరిమ్ కంపెనీ 2016 నుంచి ఒక్కో బిరడాను విడివిడిగా యంత్రంలో పరీక్షించి అమ్మడం మొదలుపెట్టింది. ధర మాత్రం ఆ పరీక్షకు తగ్గట్టే ఉంటుంది. ఇక్కడ ఓ మాట: టీసీఏ కార్కు నుంచే రావాలని లేదు. వైనరీలో చెక్క పలకల మీద, పీపాల మీద బ్లీచింగ్ కలిపిన నీళ్ళు పోసి కడిగితే అక్కడే పుడుతుంది. అప్పుడు ఏ మూత పెట్టినా వైన్ పోయినట్టే. బావకు మొదట చెప్పింది ఇదే. షెడ్డులోకి బ్లీచింగ్ పౌడర్ డబ్బా అడుగు పెట్టకూడదు.

తిప్పే మూత మనకు కొత్తదేం కాదు. దగ్గు మందు సీసా మీద చూసిందే, క్వార్టర్ సీసా మీద చూసిందే. అల్యూమినియం టోపీని సీసా మీద పెట్టి, పైనుంచి నొక్కుతూ, పక్కల నుంచి చిన్న చక్రాలు తిరిగి మరల గాడిలోకి లోహాన్ని అదుముతాయి. తిప్పగానే మూతను కింది పట్టీకి కలిపే సన్నటి లోహపు వంతెనలు "టక్" మని తెగుతాయి. బార్న్స్‌లీకి చెందిన డాన్ రైలండ్స్ ఇంగ్లండ్‌లో మర మూతకు 1889లోనే పేటెంటు తీసుకున్నాడు. తేడా అంతా మూత లోపలి పలచటి బిళ్ళలో ఉంటుంది. వైన్‌కు తగిలే ఆ బిళ్ళలో పలచటి టిన్ను రేకు ఉంటే గాలి దాదాపు పోదు. రేకు లేకుండా ప్లాస్టిక్ పొరలే ఉన్న బిళ్ళ, సారానెక్స్ అంటారు, దానికన్నా కాస్త ఎక్కువ గాలిని లోపలికి వదులుతుంది. మూత రంగు, బొమ్మ గురించి పది రోజులు ఆలోచించి, బిళ్ళ ఏ రకమో అడగకుండా ఆర్డరు ఇచ్చినవాళ్ళను చూశాను.

ఆస్ట్రేలియా దీన్ని ఒకసారి ప్రయత్నించి ఓడిపోయింది. యలుంబా వైనరీ వాళ్ళు 1977 ప్యూసీ వేల్ రీస్లింగ్‌ను ఈ మూతతో అమ్మారు. వైన్ బాగుంది, జనానికి మూత నచ్చలేదు. చవక సరుకు మూతలా ఉందన్నారు. 1980లలో అందరూ మళ్ళీ కార్కుకు పోయారు. కానీ సెల్లార్లలో మిగిలిపోయిన ఆ పాత సీసాలు చాలా ఏళ్ళ తర్వాత తెరిస్తే తాజాగా ఉన్నాయి. 2000లో క్లేర్ వాళ్ళకు ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. మరుసటి ఏడాది న్యూజిలాండ్ వాళ్ళు ఓ సంఘమే పెట్టుకున్నారు. ఇప్పుడు అక్కడి వైన్ సీసాల్లో 90 శాతం పైగా తిప్పే మూతవే.

అదే రోజుల్లో ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ 1999 సెమియోన్ అనే తెల్లవైన్‌ను 14 రకాల మూతలతో బిగించి పరీక్ష పెట్టింది. పదేళ్ళ తర్వాత ఆ సీసాలను వరసగా నిలబెట్టి తీసిన ఫొటో ఒకటి ఈ పనిలో ఉన్న ప్రతివాడూ చూసే ఉంటాడు. ఒక చివర తిప్పే మూత సీసా లేత పసుపు. రెండో చివరకు వెళ్ళే కొద్దీ ప్లాస్టిక్ బిరడాల సీసాలు డికాషన్ రంగు. కార్కు సీసాలు మధ్యలో. అన్నీ ఒకే వైన్, ఒకే రోజు నింపినవి. ప్లాస్టిక్ బిరడాలు ఆ తర్వాత బాగుపడ్డాయి గానీ, నేనైతే ఏడాది, ఏడాదిన్నరలో తాగేసే వైన్‌కు తప్ప వాడను.

అదే పరీక్షలో తిప్పే మూత లోపం కూడా బయటపడింది. టిన్ను బిళ్ళ మూత సీసాల్లో కొన్నిటికి రబ్బరు కాలిన వాసన, అగ్గిపుల్ల గీసిన వాసన వచ్చింది. దీని మీద ఇక్కడ ఎంత గొడవ జరిగిందో చెప్పలేను. మూత పాడు చేసిందని ఒకరు, వైన్‌లో ఉన్నదే మూత బయటపెట్టిందని ఇంకొకరు. నేను రెండో పక్షం. వైన్ పులిసేటప్పుడు ఈస్ట్‌కు నత్రజని చాలకపోతే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే గంధక పదార్థాలు పుడతాయి. కార్కు సీసాలో అయితే బిరడాలోని కణాల్లో చిక్కుకున్న గాలి మొదటి నెలల్లో మెల్లగా వైన్‌లోకి దిగుతుంది. కొంత వాసన దానికే సద్దుమణుగుతుంది. తిప్పే మూత ఆ సాయం చేయదు. కాబట్టి శుభ్రం చేసుకోవలసింది ట్యాంకులో ఉండగానే. కొంచెం రాగి కలిపితే పోతుందని చాలామంది చేసే పని. ఎక్కువైతే ఆ మిగిలిన రాగే గాలి లేని సీసాలో కొన్ని నెలలకు మళ్ళీ కంపు తెప్పించగలదు. కాబట్టి చిటికెడు కూడా లెక్క చూసి వేయాలి. పులియబెట్టడంలో చేయి తిరగనివాడికి కార్కు కొంత క్షమిస్తుంది, స్క్రూ క్యాప్ క్షమించదు.

ఇక ఎండ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పుస్తకాల్లో దీని గురించి అంతగా రాయరు, మనకు మాత్రం ఇదే అసలు సంగతి.

కార్కు సీసాను 20 డిగ్రీల దగ్గర నింపినప్పుడు వైన్‌కు, బిరడాకు మధ్య 15 మిల్లీమీటర్ల దాకా ఖాళీ వదులుతారు. 18.5 మిల్లీమీటర్ల మెడలో ఆ ఖాళీ దాదాపు 4 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల వైన్‌ను 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కిస్తే అది 5 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. ఖాళీ అంతా నిండిపోయి, ఇక వైన్‌కు పోవడానికి చోటు లేదు. బిరడాను తోస్తుంది, లేదా బిరడా పక్కల నుంచి కారుతుంది. రాత్రి చల్లబడగానే లోపలికి గాలి పీల్చుకుంటుంది. మే నెలలో లారీ మీద టార్పాలిన్ కింద మూడు రోజులు ప్రయాణం చేసిన సీసాను తలుచుకోండి. తిప్పే మూత సీసాలో ఖాళీ అంతకన్నా ఎక్కువే వదులుతారు కాబట్టి ఈ తోపుడు తక్కువ. వేడికి వైన్ ఉడికిపోవడం మాత్రం ఏ మూతతోనూ ఆగదు.

రెండోది, షాపు. మన ఊళ్ళలో బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల వైన్ మాత్రం ఓ మూల అరలో నాలుగు సీసాలు. అవి నిలబెట్టే ఉంటాయి, ట్యూబ్‌లైటు కింద, నెలల తరబడి. కార్కు తడిగా ఉండాలంటే సీసా పడుకోవాలి, లేదా తలకిందులుగా ఉండాలి. నిలబెట్టి వేడిలో ఉంచితే బిరడా ఎండుతుంది, ముడుచుకుంటుంది. ఈ ఒక్క కారణం చాలు, మన దేశంలో షాపుల ద్వారా అమ్మే వైన్‌కు నేను కార్కు వద్దంటాను. నాసిక్ సూలా వాళ్ళ సీసాలు చాలావరకు తిప్పే మూతతో రావడంలో నాకు ఆశ్చర్యం లేదు.

మూడోది ఇల్లు. కిందటిసారి తెనాలి వెళ్ళినప్పుడు మా బాబాయికి ఓ కార్కు సీసా పట్టుకెళ్ళాను. ఇంట్లో కార్కు స్క్రూ లేదు. పక్కింట్లో లేదు. చివరికి పిన్ని గరిటె కాడతో బిరడాను లోపలికి తోసేసింది. గ్లాసులో బెరడు ముక్కలు తేలుతుంటే టీ వడపోసే జాలీతో వడగట్టి తాగాం. వైన్ మాత్రం బాగుంది.

అయితే తిప్పే మూతకు తనవైన తిప్పలు ఉన్నాయి. బిరడా మెడ లోపల ఉంటుంది గనక దెబ్బ తగలదు. మూత బయట ఉంటుంది. పెట్టెలు దించేటప్పుడు పక్కనుంచి గట్టిగా తగిలితే టోపీ అంచు నొక్కుకుని బిళ్ళ పక్కకు జరుగుతుంది. పైకి చిన్న సొట్టలా కనబడుతుంది, లోపల గాలి దారి పడుతుంది. మా లైను మీద ఒక మధ్యాహ్నం నొక్కే తల అర మిల్లీమీటరు పక్కకు జరిగిందని నేను గమనించేసరికి రెండు పాలెట్ల నిండా పేర్చిన సీసాలు వెళ్ళిపోయాయి. అన్నీ విప్పి మళ్ళీ బిగించాం. అప్పటి నుంచి ప్రతి గంటకూ నాలుగు సీసాలు తీసి, మూత తిప్పడానికి పట్టే బలాన్ని మీటరుతో కొలుస్తున్నాను. ఇంకో సంగతి, మూత కింద ఖాళీ ఎక్కువ కాబట్టి అందులో గాలి కూడా ఎక్కువే. మూత పెట్టే ముందు నత్రజని ఊది ఆ గాలిని తరిమేయకపోతే, గాలి పోని మూత కొని గాలిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

యంత్రం విషయంలో కార్కుదే పైచేయి. నేల మీద నిలబెట్టి చేత్తో లాగే కార్కు యంత్రంతో ఇద్దరు మనుషులు రోజుకు కొన్ని వందల సీసాలు బిగించుకోవచ్చు. తిప్పే మూతకు నమ్మకమైన తల ఉన్న యంత్రం కావాలి, దానికి పెట్టుబడి ఎక్కువ. ఏటా మూడు నాలుగు వేల సీసాలకు మించనివాళ్ళు యంత్రం కొనడం కన్నా అద్దెకు నింపించుకోవడమే మేలు. సరుకు ఖర్చు చూస్తే మాత్రం మూత చవక. మంచి సహజ కార్కు, దాని మీద తొడిగే రేకు కలిపితే చాలా రెట్లు ఎక్కువ. చవక కార్కు కొనడం మాత్రం రెండు విధాలా దండగ.

పర్యావరణం అంటారా, కార్కు అడవి నిలవడానికి దాని గిరాకీ అవసరం. అల్యూమినియం తీయడానికి కరెంటు చాలా తింటుంది. ఈ లెక్కలో కార్కుకే ఓటు వేస్తాను. కాకపోతే చెడిపోయి పారబోసిన ప్రతి సీసా వెనుక నీళ్ళు, ఎరువులు, గాజు, డీజిల్ అన్నీ పోతాయని కూడా లెక్కలో రాసుకోవాలి.

ఎర్రవైన్ ముదరాలంటే కార్కు ఉండాలన్న మాట పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. తిప్పే మూత కింద కూడా ముదురుతుంది, నెమ్మదిగా, ప్రతి సీసా ఒకేలా. కార్కు కింద ఒక్కో సీసా ఒక్కో దారి పడుతుంది. పది సీసాల్లో రెండు అద్భుతంగా ఉండి, రెండు ముసలివైపోవచ్చు. ఆ రెండు అద్భుతాల కోసం డబ్బు పెట్టేవాళ్ళున్నారు. అమెరికాలోని నాపాలో ప్లంప్‌జాక్ వైనరీ 1997 క్యాబర్నే రిజర్వులో సగాన్ని తిప్పే మూతతో, సగాన్ని కార్కుతో నింపి, మూతదాన్ని పది డాలర్లు ఎక్కువకు అమ్మింది. ధైర్యం మెచ్చుకోవాలి. కానీ ఇక్కడి పేరుమోసిన ఎర్రవైన్ పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్ ఇప్పటికీ కార్కుతోనే వస్తుంది. చైనాకు పంపే ఎర్రవైన్‌కు ఇక్కడి వైనరీలు కార్కే కొడతాయి, ఎందుకంటే కొనేవాడికి అదే కావాలి. పెళ్ళిలో అరటాకు లాంటిది. స్టీలు పళ్ళెంలో పెట్టినా అన్నం రుచి అదే, అయినా ఆకే వేస్తాం. నురగ వైన్ జోలికి నేను పోవడం లేదు. దానికి లోపల బయటి గాలికి ఐదారు రెట్ల పీడనం ఉంటుంది, ఈ మూత పనికిరాదు, కార్కుకు తీగ కట్టాల్సిందే.

రెంటికీ మధ్య ఒక దారి ఉంది. కార్కును పొడి చేసి, అధిక పీడనంలో కార్బన్ డయాక్సైడ్‌తో కడిగి టీసీఏను తీసేసి, మళ్ళీ అతికించి చేసిన బిరడా. డియామ్ అనే కంపెనీది బాగా పేరుపడింది. దాని మీద 3, 5, 10, 30 అని అంకెలు ఉంటాయి, సుమారుగా అన్నేళ్ళు నిలుస్తుందని. చూడడానికి కార్కే, తీయడానికి కార్కు స్క్రూయే, అన్ని సీసాలూ ఒకే తీరు. హోటళ్ళలో వెయిటర్ బల్ల దగ్గర నిలబడి తీసి చూపించే వైన్ మీదైతే, నేను సహజ కార్కు కన్నా దీన్నే ముందు చూడమంటాను.

బావకు చెప్పింది ఇది. తెల్లవైన్, రోజే అనే గులాబీ రంగు వైన్, రెండు మూడేళ్ళలో తాగేసే ఎర్రవైన్ అన్నిటికీ తిప్పే మూత. తెల్లదానికి టిన్ను బిళ్ళ, ఎర్రదానికి సారానెక్స్. పీపాల్లో ఏడాదిన్నర పెట్టి, తోటకు వచ్చినవాళ్ళకు చేతికిచ్చి అమ్ముకునే ఓ ఐదారు వందల సీసాలు ఉంటే, వాటిని మాత్రం అతికించిన బిరడాతో, చల్లటి గదిలో పడుకోబెట్టి. ఈ ఏడాది ఒకే ట్యాంకు నుంచి రెండు రకాలూ ఆరేసి పెట్టెలు నింపి, ఒక్కో రకానివి మూడేసి పెట్టెలు సెల్లార్‌లో, మూడేసి మేడ మీది రేకుల గదిలో పెట్టమన్నాను. విజయపుర ఎండాకాలం దాటాక, ఏ సీసా ఏదో తెలియకుండా గుడ్డ చుట్టి, నలుగురిని కూర్చోబెట్టి రుచి చూడమన్నాను. ఆ రేకుల గది చెప్పేది నా ఎనిమిదేళ్ళ అనుభవం కన్నా అతనికి ఎక్కువ పనికొస్తుంది.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు. సీసాల వ్యాపారి సగం లోడు మర మూతి సీసాలకు మార్చడానికి ఒప్పుకున్నాడట, బయానా మీద కొంచెం కోత పెట్టి. మిగిలిన సగం కార్కు మూతివే వస్తున్నాయి.

"కార్కు స్క్రూలు కూడా ఓ డజను కొను బావా, రుచి చూసేవాళ్ళకు కావాలి" అన్నాను.

"అదొకటి వేరే కొనాలా?" అన్నాడు. "మీ అక్క దగ్గర గరిటెలున్నాయి కదరా."